గుడియాత్తం అగ్గి, వేలూరు పసిడి

లోహాల చర్యాశీలత తెలియడానికి పుస్తకాలెందుకు, గుడియాత్తంలో బస్సెక్కి వేలూరులో దిగితే చాలునని నా వాదన. మాది అగ్గిపెట్టెల ఊరు. లుంగీలకూ పేరే గానీ, ఆవర్తన పట్టికలో లుంగీకి చోటివ్వలేదు. వేలూరు పక్కన తిరుమలైకోడిలో, 2007లో కుంభాభిషేకం జరిగిన శ్రీపురం బంగారు గుడి. ఈ కొసన అగ్గిమందులోని పొటాషియం, ఆ కొసన పసిడి. ముట్టుకుంటే మండేది ఇక్కడ, ముట్టుకోనివ్వనిది అక్కడ.

పన్నెండో క్లాసు చదివే మా అక్క కొడుక్కి ఇదే పాఠం మొదలుపెట్టాను. మొదటి గ్రూపు క్షార లోహాలకు బయటి కక్ష్యలో ఉండేది ఒకే ఒక్క ఎలక్ట్రాన్. దాన్ని ఎవరికి అంటగడదామా అని ఆత్రం. పట్టికలో కిందికి దిగేకొద్దీ పరమాణువు లావెక్కి, ఆ ఎలక్ట్రాన్ కేంద్రకానికి దూరమై, పట్టు సడలుతుంది. లిథియం నుంచి ఊడబెరకాలంటే మోలుకు 520 కిలోజౌళ్లు కావాలి, సీజియంకు 376 చాలు. అందుకే నీళ్లలో వేస్తే లిథియం బుసబుసమంటుంది, సోడియం ఉండకట్టి పరుగులు పెడుతుంది, పొటాషియం లేత ఊదా మంటతో లేస్తుంది, సీజియం తొట్టినే పగలగొడుతుంది.

"పాలారులో వేస్తే, మామా?"

"ఏమీ కాదు. నీళ్లుంటే కదా!"

2021 నవంబరులో పాలారూ, మా కౌండిన్య నదీ కలిసి పొంగి ఆ జోకును ఊడ్చుకుపోయాయి. వరద తీశాక మళ్లీ వాడుతున్నాను.

ఇంకో సంగతి. సీజియం 28.5 డిగ్రీలకే కరుగుతుంది, రుబీడియం 39.3 దాకా ఓర్చుకుంటుంది. కత్తెర ఎండల్లో నలభై దాటే వేలూరులో రెండూ ద్రవాలే. పుస్తకం మాత్రం వాటిని ఘనపదార్థాలంటుంది. రాసినాయనది ఊటీ అయ్యుండాలి.

రెండో గ్రూపు వాళ్లు రెండేసి ఎలక్ట్రాన్లు వదులుకోవాలి కనుక కాస్త వెనకాముందూ చూస్తారు. మెగ్నీషియం చన్నీళ్లను దాదాపు పట్టించుకోదు, కాల్షియం బుడగలు తేలుస్తుంది. కిందికి దిగితే దూకుడు పెరగడం అక్కడా మామూలే.

ఇంతలో మావాడు అగ్గిపుల్ల గీసి, "ఇదేనా పొటాషియం కోపం?" అన్నాడు. కాదు. పుల్ల మందులో ఉన్నది పొటాషియం క్లోరేట్. అందులోని పొటాషియం తన ఎలక్ట్రాన్‌ను ఎప్పుడో వదిలేసి నిమ్మళంగా కూర్చుంది. మంటకు ఆక్సిజన్ అందించేది క్లోరేట్, నిప్పు రాజేసేది పెట్టె పక్కన పూసిన ఎర్ర భాస్వరం. నా వాదనకు ఇది ఇబ్బందే గానీ, బస్సు అప్పటికే కదిలిపోయింది.

దారి కాస్త పొడిగిస్తే రాణిపేట, అక్కడి తోలు శాలల క్రోమియం. దాని మీద హాస్యం రాయడం నా చేత కాదు.

పదకొండో గ్రూపులో మర్యాద తారుమారు. రాగి, వెండి, బంగారం: ఇక్కడ కిందికి దిగేకొద్దీ చర్యాశీలత తగ్గుతుంది. రాగి చెంబు చింతపండుతో తోమకపోతే నల్లబడుతుంది, వెండి పట్టీలు గాలిలోని గంధకానికి మాసిపోతాయి, బంగారం ఉలకదు పలకదు. 79 ప్రోటాన్ల కేంద్రకం చుట్టూ లోపలి ఎలక్ట్రాన్లు కాంతివేగంలో సగానికి మించి పరుగెడతాయి. ఐన్‌స్టీన్ లెక్కన దాంతో బయటి కక్ష్య కూడా ముడుచుకుంటుంది. అక్కడి ఎలక్ట్రాన్ ఊడిరావాలంటే 890 కిలోజౌళ్లు పెట్టాలి. పట్టికలో పైన రాగి, అడుగున బంగారం. శ్రీపురంలో అడుగున రాగి రేకు, పైన బంగారు తాపడం. అమ్మవారి కోసం మెండెలీవ్‌నే తిరగేశారు.

తమాషా ఏమిటంటే, ఈ పిసినారి బంగారానికీ ఆ దాత సీజియానికీ జత కుదురుతుంది. సీజియం ఇచ్చిన ఎలక్ట్రాన్‌ను బంగారం పుచ్చుకుంటుంది. ఇచ్చేది కాదు గానీ, పుచ్చుకోవడానికి అభ్యంతరం లేదు.

"అయితే బంగారాన్ని కరిగించే ఆమ్లమే లేదా, మామా?"

"ద్రవరాజం ఉంది. మూడు పాళ్లు హైడ్రోక్లోరికామ్లం, ఒక పాలు నత్రికామ్లం."

"యాడ దొరుకుతుంది?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మా అమ్మ వచ్చి, చేతి గాజులు తీసి బీరువాలో పెట్టి, తాళంచెవి నడుముకు దోపుకుంది.

"పిల్లోడికి ఈ పూటకు లిథియం దాకా చెప్పి ఆపరా," అంది.