బిల్లు కౌంటరు సూత్రం: టీకా, తాత్పర్యం

మూలం

“సార్, ఫోన్ నంబర్ చెప్పండి.”

అవతారిక

కందిపప్పు, గోధుమపిండి, రెండు సబ్బులు, ఒక కొబ్బరినూనె సీసా బుట్టలో వేసుకుని గృహస్థు సూపర్ మార్కెట్ కౌంటరు ముందు నిలబడగా, స్కానరు చేతబట్టిన ఉద్యోగిని మొత్తం ఎంతయిందో చెప్పకముందే పలికిన వాక్యమిది. పలికినది ఆమే అయినా రచన ఆమెది కాదు. పైవారు నేర్పిన పాఠాన్ని రోజుకు కొన్ని వందల సార్లు వల్లె వేస్తుంది. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా బట్టల కొట్లలో, మందుల షాపుల్లో, చెప్పుల దుకాణాల్లో ఇదే పాఠం వినబడుతోంది కనుక దీనికి సూత్రత్వం సిద్ధించింది. అందుచేత వ్యాఖ్య అవసరమైంది.

ప్రతిపదార్థం

సార్ = ఓ కొనుగోలుదారుడా (ఆడవారి విషయంలో ‘మేడమ్’ అని పాఠాంతరం; ఈ మర్యాద బిల్లు కట్టేదాకా చెల్లుతుంది);

ఫోన్ = జేబులో ఉంటూ, యజమాని తిరుగుళ్లన్నీ ఇంటివాళ్లకన్నా బాగా ఎరిగిన వస్తువు యొక్క;

నంబర్ = ఆరు మొదలు తొమ్మిది వరకు ఏదో ఒక అంకెతో ఆరంభమయ్యే పదంకెల వరుసను;

చెప్పండి = వెనక నిలబడ్డవారందరికీ వినబడేలా పలకండి (ఇది ప్రార్థన అని కొందరు; ప్రార్థన వేషం వేసిన ఆజ్ఞ అని మా మతం).

‘ఎందుకు’ అన్న పదం మూలంలో లేదు. దాన్ని వినేవాడే అధ్యాహారం చేసుకోవాలి. ఈ వాక్యంలోని చిక్కంతా ఆ లేని పదంలోనే ఉంది.

అర్థత్రయం

వాచ్యార్థం పది అంకెలు. అక్కడితో ఆగేవాడు అమాయకుడు.

లక్ష్యార్థం మనిషి. ‘గంగలో గొల్లపల్లె’ అంటే ఒడ్డున ఉన్న పల్లె అని ఆలంకారికులు గ్రహించినట్టే, ఇక్కడ నంబరంటే నంబరు గల వ్యక్తి అని గ్రహించాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటుంది. అద్దె ఇల్లు మారుతుంది. బ్యాంకు ఖాతా, యూపీఐ, గ్యాస్ బుకింగు, ఆధార్ ఓటీపీ అన్నీ ముడిపడ్డాక నంబరు మార్చడం మాత్రం ఎవరి తరమూ కాదు.

వ్యంగ్యార్థం ఇంటిగుట్టు. ఒక బిల్లు ఒంటరిగా చెప్పేది తక్కువ. నంబరు దండలో దారమై రెండేళ్ల బిల్లులను గుచ్చిందంటే, ఆ ఇంట్లో పంచదార ఎప్పుడు తగ్గింది, షుగరు పరీక్ష స్ట్రిప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, పసిబిడ్డ ఎప్పుడు వచ్చింది, నెలాఖరున పెద్ద ప్యాకెట్లు పోయి చిన్నవి ఎందుకు వస్తున్నాయి అన్నీ తెలుస్తాయి. అడిగితే ఎవరూ చెప్పని సంగతులివి. ధ్వని ఇంత ప్రధానంగా ఉన్నందున దీన్ని ఉత్తమకావ్యంగా లెక్కించక తప్పదు.

అలంకారం

వ్యాజోక్తి. అసలు సంగతి కప్పిపుచ్చి మరో నెపం చెప్పడం దీని లక్షణం. నెపాలు రెండు.

మొదటిది ‘పాయింట్స్ వస్తాయి సార్’. విలువ లేనిదానికి ఏ వ్యాపారీ ఎదురివ్వడు. పాయింట్లు ఇస్తున్నాడంటే అక్కడ ఒకటి కాదు, రెండు బేరాలు జరుగుతున్నాయి. పప్పు మనం కొంటున్నాం, సమాచారం అతను కొంటున్నాడు. పప్పు ధర ప్యాకెట్టు మీద ఉంటుంది. రెండో సరుకు ధర అమ్మినవాడికి కూడా తెలియదు.

రెండోది ‘నంబర్ కొట్టకపోతే సిస్టమ్ తీసుకోదు సార్’. సొమ్ము ముట్టాక బిల్లు అచ్చు వెయ్యడానికి కాగితం చాలు. నంబరు ఇవ్వనివారికి సరుకు అమ్మననడం అనుచిత వ్యాపార పద్ధతి అవుతుందని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే వర్తకులకు చెప్పింది. సిస్టమ్‌కు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

శంకలు, సమాధానాలు

*శంక:* పాలవాడికీ ప్లంబరుకూ తెలిసిన నంబరు. ఇందులో దాచేదేముంది?

*సమాధానం:* పాలవాడికి ఇచ్చింది పాలు రాని రోజున మాట్లాడుకోవడానికి. అతను దాన్ని ప్లాట్లమ్మేవాళ్లకు ఇస్తే మనకు కోపం వస్తుంది. ఏ పనికి ఇచ్చామో ఆ పనికే వాడాలన్న మన పట్టుదలనే గోప్యత అంటారు. అది ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది.

*శంక:* కొట్లో ఇచ్చింది కొట్లోనే ఉంటుంది కదా?

*సమాధానం:* 2023లో సైబరాబాద్ పోలీసులు ఫరీదాబాద్ నుంచి సమాచారం అమ్ముతున్న ఒకణ్ణి పట్టుకున్నారు. అతని దగ్గర దొరికినవి దాదాపు 67 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల వివరాలు. అవి చెట్టుకు కాసినవి కావు. ఎక్కడో ఎవరికో ఏదో పనికి జనం ఇచ్చినవే.

*శంక:* చట్టం లేదా?

*సమాధానం:* ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతికి అయిదు విశేషణాలు తగిలించింది. స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతు లేకుండా, సందేహానికి తావు లేకుండా ఇవ్వాలి. సమ్మతి అడిగే పత్రం తెలుగులో కావాలంటే తెలుగులోనూ చూపాలి. వెనకవాడు బుట్టతో మడమలు పొడుస్తుండగా గబగబా పలికిన పదంకెలకు ఈ అయిదింటిలో ఎన్ని వర్తిస్తాయో పాఠకులే లెక్కవేసుకోగలరు.

మందుల షాపులో నంబరిచ్చే ఉదాహరణ ఒకటి ఆ చట్టం 7వ సెక్షన్‌లోనే ఉంది. డబ్బు ముట్టినట్టు మెసేజ్ పంపమని అడిగి నంబరిస్తే, షాపువాడు దాన్ని ఆ రసీదు పంపడానికి వాడుకోవచ్చు. దీపావళి ఆఫర్లకు ఆ ఉదాహరణలో చోటు లేదు.

అయితే ఫలం వెంటనే కాదు. నియమాలు 2025 నవంబరులో గాని రాలేదు. సంస్థల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు మరో 18 నెలల గడువిచ్చారు. భద్రత పాటించక సమాచారం బయటపెట్టిన సంస్థకు జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉంది. ఆ సొమ్ము ప్రభుత్వ సంఘటిత నిధికి చేరుతుంది. గుట్టు పోయిన గృహస్థుకు అందులో పైసా రాదు.

తాత్పర్యం

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథ సూరిది మెదక్ ప్రాంతపు కొల్చారం అంటారు. మూలంలో లేనిది రాయకూడదనీ, అక్కరలేనిది చెప్పకూడదనీ ఆయన నియమం పెట్టుకున్నాడు. వ్యాఖ్యాతకు పనికొచ్చిన నియమం వర్తకుడికీ పనికొస్తుంది. బిల్లుకు అక్కరలేనిది అడగకూడదు. అడిగితే ఎందుకో చెప్పాలి. చెప్పిన పని తీరాక చెరిపెయ్యాలి. ‘హోమ్ డెలివరీకి నంబర్ చెప్పండి’ అన్న వాక్యంలో దోషం లేదు, కారణం అందులోనే ఉంది. పై మూలవాక్యంలో ఉన్నది న్యూనపద దోషం. ఆ పదాన్ని పూరించే భారం దుకాణానిదే.

ఫలశ్రుతి

ఈ టీకను వరుసలో నిలబడి మననం చేసుకున్నవారికి ఆఫర్ల మెసేజీలు తగ్గుతాయి. అప్పటికే వచ్చిపడుతున్నవాటికి 1909 నంబరుకు ఫిర్యాదు చేయడం పరిహారం. కౌంటరు దగ్గరి అమ్మాయి మీద విసుక్కోకండి, అది ఆమె ఉద్యోగం. ‘నంబర్ వద్దమ్మా, బిల్లు ఇవ్వండి చాలు’ అనండి. డబ్బు కట్టారు కనుక సరుకూ బిల్లూ మీకు రావలసినవే. నంబరు ఇవ్వడం మాత్రం మీ ఇష్టం.