దేశీ చేప

కోల్‌కతా చేపల బజారులో ధర కంటే ముందు అడిగే ప్రశ్న ఒకటుంది. "దేశీనా, చాలానీనా?" చుట్టుపక్కల చెరువుల్లో పెరిగి, తెల్లవారుజామున ఇంకా తోక కొట్టుకుంటూ వచ్చింది దేశీ. ఐసులో పడుకుని లారీ దిగింది చాలానీ. ఆ లారీ ఎక్కువగా మన ఆంధ్రదే.

నాది కైకలూరు ప్రాంతం. మా నాన్న చెరువు పట్టుబడి రోజు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. గుండెల్లోతు నీళ్ళలో వరసగా నిలబడి వల దగ్గరికి లాగే మనుషులు, కాటా దగ్గర అరుపులు, దంచిన ఐసు, ట్రేల మీద ట్రేలు. ఆ బొచ్చెలు, శీలావతులే ఇక్కడి వాళ్ళ కాత్లా, రుయి. సుమారు 1,200 కిలోమీటర్లు 16వ నంబరు జాతీయ రహదారి మీద పరుగెత్తి హౌరా స్టేషను పక్కనున్న చేపల మార్కెట్లో దిగుతాయి. డ్రైవర్లు నిద్ర మానుకుని తెచ్చిన ఆ చేపను ఇక్కడ పెదవి విరిచి కొంటుంటే నాకు నొప్పిగా ఉంటుంది. రోజూ తింటారు, గౌరవం మాత్రం ఇవ్వరు.

మేం లేక్ మార్కెట్ దగ్గర కింది వాటాలో అద్దెకుంటాం. పై వాటా ఇంటివారిది. ఆయన్ని కాకూ అని, ఆమెను కాకిమా అని పిలుస్తాం. కాకూ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. మంచి చదువరి, మనసున్నవారు. చేప మాట వస్తే మాత్రం ఆయనతో నాకు పొసగదు.

"మీ చేప తింటే దూది నమిలినట్టుంటుంది, నాయనా" అనేవారు.

2018 జూలైలో ఫార్మలిన్ భయంతో అస్సాం ప్రభుత్వం ఆంధ్ర చేపను కొన్నాళ్ళు ఆపేసిన సంగతి ఆయన మర్చిపోరు, నన్నూ మర్చిపోనివ్వరు. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు. మీ తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు, మా కొల్లేరు 2002లో ఒకేసారి రామ్‌సర్ జాబితాకెక్కాయి, ఈ రెంటికీ ఎక్కువ తక్కువలేమిటి అనేవాణ్ణి. దానికి ఆయన దగ్గర పెద్ద జవాబుండేది.

"హీరాలాల్ చౌధురి పేరు విన్నావా?"

వినకపోవడమేమిటి! చేపల రైతు ఇంట్లో పుట్టినవాడికి తెలియాల్సిన పేరది. రుయి, కాత్లా నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వానాకాలం పారే వరదనీటిలోనే పెడతాయి. అందుకని ఒకప్పుడు చేపపిల్ల కావాలంటే ఎక్కువగా నదిలో వల వేసి ఏరుకోవాల్సి వచ్చేది. అందులో ఏ జాతివి ఎన్ని వస్తాయో దేవుడికే తెలియాలి. పిట్యూటరీ గ్రంథి రసం సూదిమందుగా ఎక్కించి, చెరువు చేపచేత గుడ్లు పెట్టించవచ్చని 1957 జూలై 10న ఒడిశాలో చేసి చూపించినవాడు ఈ బెంగాలీ శాస్త్రవేత్త. దేశంలో చేపల రైతుల దినోత్సవం ఆ తేదీనే జరుపుతారు. ఆయనే లేకపోతే కొల్లేరు గట్ల మీద ఇన్ని చెరువులు లేవు, మా ఇంట్లో నా చదువూ లేదు. ఆ మాట నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

"అదీ సంగతి. మీ చేపకు పుట్టిల్లు మాది. రుచి మాత్రం పుట్టింట్లోనే ఉండిపోయింది" అని నవ్వి, "శనివారం టికెట్ తీస్తున్నాను. నువ్వూ రా. బెంగాల్ నీటి చేప అంటే ఏమిటో చూద్దువుగాని" అన్నారు.

కోల్‌కతా చుట్టూ టికెట్ చెరువులు చాలా ఉన్నాయి. యజమాని చేపలు పెంచి గాలం వేసేవాళ్ళకు రోజువారీ చోటు అమ్ముతాడు. పడితే చేప మనది, పడకపోతే టికెట్ డబ్బు అతనిది. మేం వెళ్ళింది బైపాస్ రోడ్డు దాటి తూర్పుగా. ఆ దారంతా నగరం వదిలేసిన మురుగునీరు కాలువల్లో పారి భేరీలనే చేపల చెరువుల్లోకి చేరుతుంది. అక్కడ ఎండా నాచూ కలిసి దాన్ని శుభ్రం చేస్తాయి, ఆ నాచును చేపలు తింటాయి. 12,500 హెక్టార్ల చిత్తడి నేల ఒక మహానగరం మురికిని అన్నంలోకి కూరగా మార్చి పంపుతోంది. ఏ యంత్రమూ చెయ్యని పని అది. కట్టడాలు దాన్ని నాలుగు వైపుల నుంచీ కొరుక్కుంటూ రావడం చూస్తే గుబులేస్తుంది.

మా చెరువు చిన్నది. వెదురు మంచె ఎక్కి కాకూ సంచీ విప్పారు. వేయించిన మెంతులు, తవుడు, ఆవచెక్క, ఏకాంగి దుంప పొడి కలిపి ముద్ద చేసి నీళ్ళలో విసిరారు. చేపను ఆ చోటికి రప్పించే మేత ఇది, దీన్ని వీళ్ళు చార్ అంటారు. గాలానికి పెట్టేది వేరు. చిన్న డబ్బాలో పిండితో కలిపిన ఎర్రచీమల గుడ్లు. ఇక్కడ గాలం వేసేవాళ్ళకు అవి ముత్యాల కంటే ఎక్కువ.

తర్వాత బెండు కట్టడం. "ఎక్కడ కట్టాలో చేప నోరే చెబుతుంది. కాత్లా నోరు పైకి తెరుచుకుని ఉంటుంది, పైనీటిలో తింటుంది. మృగేల్ నోరు కిందికి, అడుగున తింటుంది. రుయి నడుమ నీటిది" అంటూ నడుమ లోతుకి సరిచేశారు. ఆయన వేళ్ళు ఆ దారం మీద కదలడం చూస్తుంటే, ఈ మనిషి బ్యాంకులో అంతకాలం ఎలా కూర్చోగలిగాడా అనిపించింది.

పొద్దు నడినెత్తికొచ్చింది. బెండు కదల్లేదు. కాకూ ఫోన్ తీసి సిడ్నీలో ఉన్న మేనల్లుడు పంపిన వీడియో చూపించారు. పసిఫిక్ నడుమ కిరీటిమతి అనే పగడపు దీవిలో అతను ఉప్పునీటి ఫ్లై ఫిషింగ్ చేస్తున్నాడు. అందులో ఎర తినేది కాదు. ముల్లుకి ఈకలు, మెరుపు దారాలు చుట్టి చిన్న రొయ్యగా భ్రమ కలిగిస్తారు. దానికి బరువుండదు కనుక విసిరేది తాడునే. లావుపాటి తాడు గాలిలో వెనక్కీ ముందుకీ ఊగి, తన బరువుతో ఎరను మోసుకుపోతుంది. అతను మోకాలి లోతు నీళ్ళలో నడుస్తూ బోన్‌ఫిష్‌ని వెతుకుతున్నాడు. దాని పొలుసులు కింది ఇసుక రంగునే తిప్పి చూపిస్తాయి, అందుకని చేప కనబడదు, ఇసుక మీద దాని నీడే కనబడుతుంది. గాలం తగలగానే ఒక్క పరుగులో తాడంతా లాక్కుపోయింది. చివరికి దగ్గరికి రప్పించి, ముల్లు తీసి, నీటిలోనే కాసేపు పట్టుకుని వదిలేశాడు.

ఆ వదిలేయడం నాకు నచ్చింది. కాకూకి నచ్చలేదు.

"అంత దూరం వెళ్ళి, అంత డబ్బు పోసి, వదిలెయ్యడానికా? నా గాలానికి పడింది నా పళ్ళెంలోకి రావాలి. తిన్నప్పుడే కదా ఆ నీళ్ళేమిటో తెలిసేది!"

మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టింది. బెండు ఒక్కసారి తల ఊపింది, పక్కకు వాలింది, మాయమైంది. కాకూ మణికట్టు విదిలించారు. చక్రం గిర్రున తిరిగింది. చేప చెరువు నడుమకు లాగితే వదిలారు, అలిసి ఆగితే చుట్టారు. వంగిన గాలపు కర్ర వెనక ఆ డెబ్భై ఏళ్ళ మనిషి కుర్రాడైపోయారు. నేను చేతివల పట్టుకుని బురదలోకి దిగాను. ఎర్రని రెక్కలు, నిగనిగలాడే పొలుసులు, మంచి రుయి. మూడు కిలోలు తూగింది. తడి చేతులతోనే ఇంటికి ఫోన్ చేసి, "రుయి! మూడు కిలోలు!" అని కాకిమాకు చెప్పారు. ఆ గొంతులో సంతోషం చూసి నాకూ కడుపు నిండింది.

మర్నాడు ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలిచారు. కాకిమా రుయి కాలియా వండింది. వేయించిన పెద్ద ముక్కలు, అల్లం, పెరుగు, గరంమసాలా వేసిన చిక్కని పులుసు. కాకూ ముల్లు తీసి ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

"ఇప్పుడు చెప్పు. మీ కొల్లేరు ఇవ్వగలదా ఈ రుచి?"

నా దగ్గర జవాబు లేదు. ముక్క మెత్తగా, తియ్యగా ఉంది. బాగుంది కాకూ, అన్నాను. ఆయన తృప్తిగా రెండో ముక్క వేయించుకున్నారు.

భోజనమయ్యాక ఆయన కునుకు తీయడానికి వెళ్ళారు. నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "ఇంత మంచి చేప ఈమధ్య తినలేదు, కాకిమా" అన్నాను.

ఆమె పడగ్గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఎందుకు బాగుండదు, నాయనా? మీ ఊరిదే కదా!"

నాకు అర్థం కాలేదు.

"రిటైరైన కొత్తలో మొదటిసారి టికెట్ చెరువు నుంచి చేప తెచ్చారు. ఏళ్ళ తరబడి వేసిన మేత అడుగున కుళ్ళి ఆ చెరువంతా మట్టివాసన. వండితే నోట పెట్టలేకపోయాం. మీ కాకూ ముఖం చిన్నబోయింది, రెండు రోజులు మాట్లాడలేదు. రెండోసారి తెచ్చినప్పుడు గరియాహాట్ బజారుకెళ్ళి ఆంధ్రా రుయి తెచ్చి వండాను. చూశావా నా చేప, అని ఎంత మురిసిపోయారో! అప్పట్నుంచీ అంతే. ఏ చేపో, ఎన్ని కిలోలో ఆయనే ఫోన్‌లో చెబుతారుగా. ఇంటికొచ్చేలోగా అలాంటిదే తెప్పించి పెడతాను."

"మరి ఆయన పట్టింది?"

"పనమ్మాయికిస్తాను. ఈమధ్య తనూ వద్దంటోంది."

"ఇన్నేళ్ళలో ఒక్కసారీ పసిగట్టలేదా?"

"ఒకసారి వానలకు మీ లారీలు రాలేదు. బజారంతా తిరిగినా చేప లేదు. ఏం చెయ్యను, ఆయన పట్టిందే వండి పెట్టాను." కాకిమా చేతులు కొంగుకి తుడుచుకుంది. "ఒక్క ముద్ద తిని పళ్ళెం తోసేశారు. 'నన్ను మోసం చెయ్యాలనుకోకు. ఇది ఆంధ్రా చేప' అన్నారు."