సంతక ప్రార్థనకు వేంపల్లె వ్యాఖ్య

ఆ. వేళ మిగులు, పనికి వేగమ్ము పెరుగును,
నెలకు రెండు వేలు నీకు లెక్కె?
బగ్గు వెదుకు రాత్రి పండుకొనగ వచ్చు,
సారు! సంతకమును జార్చవయ్య!

అవతారిక: కవి మా అక్క కొడుకు. మా మండలంలోనే ఉన్న ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో ఆరేండ్లు చదివి, వేంపల్లెలో ఇంటి నుంచే బెంగళూరు కంపెనీకి కోడు రాస్తుంటాడు. గిట్‌హబ్ వాళ్లు అమ్మే కోపైలట్ అనే ఏఐ టూలు ఒకటి కొనిపెట్టండని మూడు మెయిళ్లు పెట్టినాడు. పైనుంచి ఉలుకూ పలుకూ లేదు. “మామా, రిటైరైన తెలుగయ్యవారివి గదా, గట్టిగా ఒకటి రాసియ్యి” అన్నాడు. రాసేది నువ్వే, టీక నాది అన్నాను. కావున ఇది పద్యరూపంలో ఉన్న నాలుగో రిమైండర్ అని గ్రహించేది.

ప్రతిపదార్థం: సారు = ఓ మేనేజరూ (‘సారము గలవాడు’ అని కూడా చెప్పవచ్చును గానీ, ఆ అర్థం సంతకం పడినాకనే పొసగుతుంది). రెండు వేలు = కోపైలట్ బిజినెస్ ప్లాను మనిషికి నెలకు 19 డాలర్లు, దానిమీద 18 శాతం జీఎస్టీ. చిల్లర గణాల్లో ఇమడలేదు. జార్చు = పెట్టు. సంతకాన్ని ఎవరూ జార్చరు, యతి కోసం కవి జార్చినాడు. నీకు లెక్కె = ఇక్కడుంది అసలు చిక్కు. మా సీమలో లెక్క అంటే డబ్బు. ‘నీకిదొక లెక్కా’ అని కవి పొగిడినాడు. ‘నీకిది డబ్బు కాదా’ అని ఫైనాన్సు వాళ్లకు వినబడుతుంది. శ్లేష ప్రబంధానికి అందం, మెయిలుకు మాత్రం చేటు.

విశేషాలు: ‘వేగమ్ము పెరుగును’ అన్నదానికి ప్రమాణమేది? 2022లో గిట్‌హబ్ వాళ్లు 95 మంది ప్రోగ్రామర్లకు ఒకే పని ఇచ్చి చూస్తే, టూలున్నవాళ్లు సుమారు 55 శాతం తొందరగా ముగించినారట. అమ్మేవాడే తూకం వేసిన సరుకది. 2025లో మీటర్ అనే పరిశోధన సంస్థ, ఆరితేరిన 16 మందికి వాళ్ల సొంత ప్రాజెక్టుల్లోవే 246 పనులిచ్చి చూసింది. టూలుతో 19 శాతం ఆలస్యమైంది. అయినా పని ముగిసినాక వాళ్లు, 20 శాతం వేగంగా చేసినామనే చెప్పినారు! కాబట్టి ఒకటో పాదం కవి భక్తి అనుకోవాలి, అనుభవం కాదు.

పద్యానికి ప్రాణం మూడో పాదంలో ఉంది. దీనికి మా బావ చీనీ తోటే దృష్టాంతం. త్రీఫేజు కరెంటు అర్ధరాత్రి వచ్చే రోజుల్లో బావ టార్చిలైటు పట్టుకొని, గట్టుమీద పాములకు జడుస్తా బోరు కాడికి పోయేవాడు. ఒకనాడు డబ్బాలో ఆటో స్టార్టరు బిగించుకున్నాడు. కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆడతాది. బోరులో నీళ్లు ఒక్క బిందె పెరగలేదు. బావ మాత్రం తెల్లార్లూ గురక పెట్టినాడు. ఆ ఖర్చు ఎందుకని మా అక్క కూడా అడగలేదు.

పూర్వపక్షం: పద్యముండగా టీకెందుకు, ప్రోగ్రామరుండగా టూలెందుకు? దీనికి సమాధానం మన జిల్లా చరిత్రలోనే ఉంది. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర, తర్వాత అక్కడ బంగళా కొని, పండితులను పెట్టి తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించినాడు. మనుచరిత్రకు జూలూరి అప్పయ్య చేత టీక చెప్పించి 1851లో అచ్చు వేయించినాడు. పండితుల జీతాలు సొంత జేబులోంచి ఇచ్చినాడు. ఈ ముక్క మాత్రం మెయిల్లో పెట్టొద్దని మేనల్లుణ్ణి హెచ్చరించినాను. చదివితే, ‘నువ్వూ అట్లనే కొనుక్కో నాయనా’ అంటారు.

తాత్పర్యం: అది, పద్యం అందినాక మేనేజరు సారే ఒక్క వాక్యంలో సెలవిచ్చినాడు: ఎక్సెల్ షీటులో వేసి పంపు. షీటులో నాలుగు గడులు: మిగిలే గంటలు, గంటకు జీతం, ఖర్చు, లాభం. ‘వేళ’ మొదటి గడిలో కూర్చుంది, ‘రెండు వేలు’ మూడోదాంట్లో. ‘రాత్రి’ని ఏ గడిలో ఇరికించాలో తెలియక, కవీ వ్యాఖ్యాతా ఇద్దరం పన్నెండు దాటినా పండుకోలేదు.