సదాశివనగర్ బాకా

మైకు బాకాకు ‘నేను’ అనడం అలవాటు లేదు. పుట్టినప్పటి నుంచీ ఇంకొకరి గొంతు మోయడమే దాని పని. అందుకే సదాశివనగర్‌లోని ఈ పాత బాకా తన ఆత్మకథలోనూ తనను ‘అది’ అనే పిలుచుకుంటుంది.

ఊరు 44వ నంబరు జాతీయ రహదారి పక్కన. నిజామాబాద్ జిల్లాగా ఉన్నప్పుడు అది ఎక్కిన వేపచెట్టునే, 2016 దసరాకు కామారెడ్డి జిల్లా అయ్యాకా ఎక్కింది. పెండ్లి పందిట్లో మోగింది, బతుకమ్మకు మోగింది, ఓట్లప్పుడు జీపు మీద ఊరేగింది. అయినా జనం దాన్ని గుర్తుపెట్టుకున్నది చావింటి దగ్గరే. పొద్దున్నే ఘంటసాల భగవద్గీత వినబడిందంటే, నాట్లకు పోయే ఆడవాళ్లు ఆగి ‘ఎవరు పోయిండ్రు?’ అని అడుగుతారు.

ఆ గీత జబ్బులోంచి పుట్టింది. 1972లో హైదరాబాద్ రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా ఘంటసాలకు గుండెనొప్పి వచ్చింది. చక్కెర వ్యాధి అప్పటికే ఉంది. చాలా రోజులు ఆసుపత్రిలో ఉండి బయటికొచ్చాక గీత పాడాలన్న కోరిక కలిగింది. 700 శ్లోకాల్లోంచి సుమారు వంద ఏరి, స్వరం కట్టి, తెలుగు తాత్పర్యంతో హెచ్.ఎం.వి.కి పాడారు. రికార్డులు జనం చేతికొచ్చేసరికి ఆయన లేరు. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్లకే వెళ్లిపోయారు.

జబ్బులోంచి పుట్టిన బాణీ ఇంకొకటీ ఉంది. సరిగ్గా 51 ఏళ్లకే, 1967 మే 31న, న్యూయార్క్‌లో బిల్లీ స్ట్రేహార్న్ పోయారు. డ్యూక్ ఎలింగ్టన్ జాజ్ బృందానికి ‘టేక్ ది ఏ ట్రైన్’ కట్టిన మనిషి. 1964లో అన్నవాహిక క్యాన్సర్ అని తేలింది. ఆసుపత్రిలో ఉంటూనే ఆఖరి బాణీ పూర్తిచేసి బృందానికి పంపారు. దానికి రక్తపరీక్ష కాగితం మీది మాటే పేరు: ‘బ్లడ్ కౌంట్’. సాహిత్యం లేదు. జానీ హాడ్జెస్ శాక్సఫోన్ నిదానంగా ఎక్కి, ఒకచోట అరిచినంత పనిచేసి, దిగివస్తుంది. (మూతి విప్పారిన శాక్సఫోన్ తనకు వరుసకు అన్న అవుతుందని బాకా నమ్మకం.) స్ట్రేహార్న్ జ్ఞాపకంగా చేసిన ఆల్బమ్‌లో ఎలింగ్టన్ ఆ బాణీని చేర్చారు. తర్వాత దాని జోలికి పెద్దగా పోలేదంటారు.

ఇక్కడేమో గీతను చావుకు తప్ప పెట్టరు. విల్లు పడేసి కూలబడ్డ అర్జునుణ్ణి లేపి నిలబెట్టడానికి చెప్పిన మాటలు అవి! పాడినాయన కూడా మంచం మీంచి లేచొచ్చి పాడారు. మరి అంత దిగులు ఎక్కడిది? కొంత బాకాదే. దాని లోపలి రేకు చిన్నది. మంద్ర స్వరాలు అందవు. తంబుర నిండుదనం చెట్టు మీదే ఆగిపోతుంది, గొంతు ఒక్కటే వరిమళ్లు దాటి పోతుంది. ఇంట్లో రేడియోలో ధైర్యం చెప్పినట్టుండే శ్లోకం వేపచెట్టు మీంచి ఏడుపులా వినిపిస్తుంది.

క్యాసెట్ల కాలం పోయి పెన్‌డ్రైవ్‌లు వచ్చాయి. మైకుసెట్టాయన గీత ఉన్నదానికి ఎర్రదారం కట్టి వేరుగా పెడతాడు. ఒక గృహప్రవేశంలో దారం ఊడి, గీతదీ మామూలు పాటలదీ తారుమారయ్యాయి. పంతులు ‘మంచిదే, ఉండనీయండి’ అన్నాడు. ఇంటామె వినలేదు, పాలు పొంగకముందే పోయి స్విచ్చి తీసేసింది.