వచనానికో అంకె

నేను 1551లో జెనీవాలో అచ్చయిన గ్రీకు క్రొత్త నిబంధనను. చేతిలో ఇమిడే చిన్న పుస్తకాన్ని. మధ్య వరుసలో గ్రీకు మూలం, దానికి చెరోపక్కా ఒక లాటిన్ అనువాదం. మూడూ ఎదురెదురుగా కుదరాలని ప్రతి వచనాన్నీ కొత్త పంక్తిలో మొదలుపెట్టి అంకె వేశారు. క్రొత్త నిబంధనకు ఇవాళ లోకమంతా వాడే వచన సంఖ్యలు మొదట కనిపించింది నా పేజీల్లోనే.

నా పూర్వీకులకు ఈ భాగ్యం లేదు. పాత గ్రీకు చేతిరాత ప్రతుల్లో మాటకూ మాటకూ మధ్య ఎడం కూడా ఉండేది కాదు. పన్నెండో శతాబ్దం చివరికి పారిస్‌లో పాఠం చెప్పే గురువులకు మరో చిక్కు: ఒక్కో ప్రతిలో ఒక్కో రకం విభజన. ఫలానా చోటు తీయండంటే ఎవరికి వారే వెతుక్కోవాలి. అక్కడ బోధించిన స్టీఫెన్ లాంగ్టన్ ఏర్పరచిన అధ్యాయాలే క్రమంగా నిలబడ్డాయని పండితులంటారు. ఆయనే తర్వాత కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయ్యాడు.

నన్ను అచ్చువేసిన రొబేర్ ఎస్తియెన్ ఫ్రాన్స్ రాజుగారి ముద్రాపకుడు. పారిస్ మతపండితులతో వైరం ముదిరి జెనీవా చేరాడు. ఏ మాట ఎక్కడెక్కడ వస్తుందో చూపే పదసూచిక తయారుచేయాలని ఆయన తపన. చోటుకు చిరునామా లేనిదే సూచిక ఎలా సాగుతుంది? పారిస్ నుంచి లియాన్‌కు ప్రయాణంలోనే ఈ వచన విభజనలో చాలా భాగం చేశాడని కొడుకు ఆన్రి తర్వాత రాశాడు. గుర్రం కుదుపులకే కొన్ని గీతలు తప్పాయని నవ్వేవాళ్లున్నారు. నేనొప్పుకోను. వేల వచనాలను ఒక్కొక్కటిగా తూచి చూసిన మనిషి ఆయన. 27 పుస్తకాల్లో ఏ వాక్యాన్నయినా సామాన్యుడు క్షణంలో తీయగలుగుతున్నాడంటే అది ఆయన చలవే. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పిల్లలు సైతం "యోహాను మూడు పదహారు" అనగానే పేజీ తీసేస్తారు.

అయితే అంతకు ముందే పడిన అధ్యాయాల కోత కొన్నిచోట్ల నన్ను బాధిస్తుంది. పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికే చూడండి. నా మేలు చూసుకోక పదిమంది మేలు కోరుతున్నానని 10వ అధ్యాయం చివర అంటాడు. క్రీస్తును అనుసరించే నన్ను మీరూ అనుసరించండి అన్న ముక్తాయింపు మాత్రం 11వ అధ్యాయం మొదటి వచనమై అవతల పడింది. ఆ వెనువెంటనే ఆరాధనలో ముసుగు సంగతి మొదలవుతుంది. తెలుగు బైబిల్‌లోనూ కోత అక్కడే. 10వ అధ్యాయం చదివే రోజున 33వ వచనం దగ్గర ఆపకండి. ఇంకొక్క వచనం చదివి అప్పుడు బైబిల్ మూయండి.