ఎండ మన పరిధిలోకి రాదు

వైద్య మండలిలో కొత్తగా కుర్చీ దొరికినవారికి కొన్ని సలహాలు.

మే నెలలో నంద్యాలకు పోవద్దు. పోక తప్పకపోతే కారు అద్దాలు దించొద్దు. ఎండ 45 డిగ్రీలు దాటే ఊరది. ఆళ్లగడ్డలో రాతి మీద ఉలి ఆడించే శిల్పులూ, బనగానపల్లె నాపరాయి గనుల్లో కూలీలూ కంటపడ్డారంటే, వీళ్లను చూసే డాక్టరుకు వడదెబ్బ గురించి ఎంత తెలుసోనన్న ప్రశ్న పుడుతుంది. ప్రశ్న పుడితే మండలికి పని పుడుతుంది.

వాతావరణ మార్పు సంగతి ఎవరైనా అడిగితే పర్యావరణ శాఖ వైపు చూపించండి. వాళ్లు ఎటూ ఆరోగ్య శాఖ వైపే చూపిస్తారు. 2015 ఎండలకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా పోయారని గుర్తుచేస్తే, వాళ్లలో ఎవరి పేరూ మన రిజిస్టర్లో లేదనండి.

ఇక అసలు జాగ్రత్త. 2002 నాటి వైద్య నీతి నియమావళి ప్రకారం డాక్టరు అయిదేళ్లలో కనీసం 30 గంటలు వైద్య సదస్సుల్లో కూర్చోవాలి. అందులో ఒక్క గంట వడదెబ్బకు ఇమ్మంటారు. ఇవ్వొద్దు. ఒళ్లు 40 డిగ్రీలు దాటి మాట తడబడే కూలీని ముందు నీళ్లతో తడిపి, గాలి తగిలించి చల్లార్చాలనీ, ఆ వేడికి పారాసిటమాల్ పనిచేయదనీ అందరికీ తెలిసిపోతుంది. బీపీకి నీరు పోయే మాత్ర వాడే ముసలాయనకు వేసవిలో మోతాదు ఒకసారి చూసుకోవాలనీ తెలుస్తుంది. అలుసిస్తే కుందూ నది పొంగాక వచ్చే రోగాలకు ఇంకో గంట అడుగుతారు. భోజనం బాగుండే హోటల్లో కొత్త మందుల పరిచయానికి మరి గంటలెక్కడివి?

బ్రిటన్ ఊసెత్తితే ఉలిక్కిపడొద్దు. వైద్యం నాణ్యత తగ్గనంత వరకూ పర్యావరణానికి మేలైన దారి ఎంచుకోమని అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్ 2024 జనవరి నుంచి డాక్టర్లకు చెబుతోంది. చలిదేశం, వాళ్లకేం పనిలేదనండి. డెస్‌ఫ్లురేన్ అనే మత్తువాయువు కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 2,500 రెట్లు వేడిని పట్టి ఉంచుతుందని ఎవరైనా అంటే, మత్తు డాక్టర్లను మేల్కొలపడం మన ఆచారం కాదనండి.

మరీ పట్టుబడితే, కొత్త నియమావళి వచ్చాక చూద్దామనండి. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న ఒకటి తెచ్చి, అదే నెల 23న పక్కన పెట్టేసింది. కాబట్టి పాతదే శరణ్యం, అందులో వాతావరణం మాటే లేదు. ఇంతకన్నా చల్లని నీడ ఎక్కడుంది?

ఒక్క సంగతిలో మాత్రం తొందరపడండి. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడి పిల్లలకు ఎండ గురించి ఎవరో ఒకరు పాఠం చెప్పకముందే రిజిస్ట్రేషన్ నంబర్లు ఇచ్చేయండి.