ఆకలి ఇంట్లో పెట్టి రండి

హైదరాబాదుకు తిండి కోసం వస్తున్నారట, సంతోషం. ఒక్క మనవి. రైలెక్కే ముందు ఆకలిని ఇంట్లోనే పెట్టి తాళం వేసి రండి. ఇక్కడ దానితో పని పడదు. ఎక్కడ తినాలో, ఏం తినాలో, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక కళ్ళు ఎంతసేపు మూసుకోవాలో, తల ఎటు ఊపాలో అన్నీ మీ ఫోను చెబుతుంది. నాలుకకు ఈ ఊళ్ళో ఓటు హక్కు తీసేసి చాలా కాలమైంది.

2019లో యునెస్కో హైదరాబాదును ఆహార నగరంగా గుర్తించింది. అప్పటిదాకా ఆకలేసి తిన్న ఊరు, అప్పట్నుంచి హోదా కోసం తింటోంది. బెజవాడ చుట్టమైనా, వరంగల్ చుట్టమైనా, డాలస్ నుంచి డిసెంబరులో దిగే చుట్టమైనా జేబులో జాబితా ఒకటే. చార్మినార్ నీడన ఇరానీ చాయ్, సికింద్రాబాదులో బిర్యానీ, మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీం, టోలీచౌకిలో మండీ, అర్ధరాత్రి దాటాక నాంపల్లిలో వెన్న దోసె. కోటి మంది మూడు పూటలా తినే ఊళ్ళో వీళ్ళకు కనబడేవి ఆ అయిదారు చోట్లే. మిగతా ఊరంతా పస్తులుంటుందని కాబోలు.

బిర్యానీ దగ్గర మొదలుపెడదాం, ఎలాగూ మీరు అక్కడే మొదలుపెడతారు. పెరుగులో, మసాలాలో నానిన పచ్చి మాంసం మీద సగం ఉడికిన బియ్యం పరిచి, మూతకు పిండి మెత్తి, ఆవిరి చుక్క బయటికి పోకుండా దమ్ పెట్టడం పచ్చి బిర్యానీ పద్ధతి. అందులో వంటవాడి విద్యంతా ఎప్పుడు మూత తీయకూడదో తెలియడంలోనే ఉంది. ఇప్పుడు ఆ మూతను ఒక వీడియో కోసం తీస్తారు, ఫోకస్ కుదరలేదని మూసి మళ్ళీ తీస్తారు, పక్క ఫోనువాడు “అన్నా, ఇంకోసారి” అంటే మరోసారి తీస్తారు. దమ్ అంతా రీలుకెక్కింది, ప్లేటులోకి అన్నం వచ్చింది. ఇక బోర్డుల సంగతి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఒక బావర్చికి పేరొచ్చింది. ఆ తర్వాత గ్రాండ్ బావర్చి, న్యూ బావర్చి, ఒరిజినల్ బావర్చి అంటూ హైవే పొడుగునా ఊరికొక బావర్చి వెలిశాడు. ఇంతమంది వంటవాళ్ళున్నా సాలన్ ఒక్కచోటా సరిగ్గా కుదరదేమిటో!

హలీం ముచ్చట వేరు. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశంలో ఆ గుర్తింపు దక్కిన మొదటి మాంసాహార వంటకం అదే. గుర్తింపు ఊరికిచ్చారు కానీ ఆ వంటకు ఊరితో పాటు ఒక నెల, ఒక వేళ కూడా ఉన్నాయి. డిసెంబరులో వచ్చి “బావగారూ, హలీం లేని హైదరాబాదేంటండీ” అని నిష్ఠూరమాడే చుట్టాన్ని క్షమించవచ్చు. రంజాన్ నెలలో వచ్చేవాడితోనే కష్టం. పగలంతా మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి భట్టీ దగ్గర చెమటలు కక్కుతూ గరిటె తిప్పుతుంటాడు. మధ్యాహ్నపు బిర్యానీ ఇంకా తేన్పులొస్తుండగానే క్యూ ముందుకు తోసుకొచ్చి ఇతగాడు “కిత్నా దేర్ భాయ్” అంటాడు. అన్నట్టు, ఈ ఊళ్ళో అడుగుపెట్టగానే మన తెలుగువాళ్ళకు హిందీ పూనుతుంది. ఎదుట ఉన్నది నల్గొండ కుర్రాడైనా సరే, వాడికి రాని హిందీని వీడు తనకు రాని హిందీలో వాయిస్తాడు.

ఇరానీ చాయ్ అంటే చాయ్ కాదు, కూర్చోవడం. పాలరాతి బల్ల, వన్ బై టూ, ఒక ఉస్మానియా బిస్కెట్, నలుగురు చదివి నలిగిపోయిన పేపరు, రెండు గంటల పాటు రాజకీయం. యజమాని లేవమనడు, తాగేవాడు లేవడు. అలాంటి మూలమలుపు హోటళ్ళు ఎన్నో మూతపడి ఫోను షాపులయ్యాయి. ఆ షాపుల్లో కొన్న ఫోన్లతోనే ఇప్పుడు చార్మినార్ ముందు చేయి చాపి, కప్పును మినార్ల మధ్యకు సరిగ్గా తెచ్చి ఫొటో తీస్తున్నారు. ఫొటో కుదిరేసరికి చాయ్ మీద మీగడ కడుతుంది. బాగుందా అని అడిగితే “వ్యూస్ బాగా వస్తున్నాయి” అంటారు.

రాత్రి తాగుడు కోసం పడమరకు వెళ్తారు. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి, కోకాపేట. ఇరవయ్యో అంతస్తులో చెవులు చిల్లులు పడే పాట కింద కూర్చుని, చేదుగా ఉన్న బీరును “క్రాఫ్ట్” అని తెలుసుకుని తియ్యగా నవ్వాలి. వెయిటరు వచ్చి “రెగ్యులర్ వాటరా, బాటిలా సార్?” అంటాడు. ఈ ఊళ్ళో మనిషి పరువును కొలిచే ప్రశ్న ఇదే. ఇంట్లో కుళాయి కింద దోసిలి పట్టి తాగినవాడు కూడా “బాటిల్” అని గొంతు సవరించుకుంటాడు. చివర్లో బిల్లు, దాని అడుగున సర్వీస్ ఛార్జి. అడగకుండా దాన్ని బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల సంస్థ 2022లోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఖాయం చేసింది. మీకు తెలుసు. అయినా పక్క టేబులువాళ్ళు ఏమనుకుంటారోనని కట్టేస్తారు. ఇంటి దగ్గర కొత్తిమీర కట్ట మీద అయిదు రూపాయల కోసం అరగంట పోట్లాడే చుట్టం ఇతనేనా!

అయిదు రూపాయలంటే గుర్తొచ్చింది. 2014 నుంచి ఈ నగరంలో జీహెచ్ఎంసీ ఆ ధరకే భోజనం పెడుతోంది. ప్రభుత్వం మారాక ఆ పథకానికి అన్నపూర్ణ పేరు పోయి ఇందిరమ్మ పేరొచ్చింది, ధర మారలేదు. అన్నం, పప్పో సాంబారో, ఓ కూర, పచ్చడి. మధ్యాహ్నం అక్కడా క్యూ ఉంటుంది. ఆటోవాళ్ళు, అడ్డా కూలీలు, ఆసుపత్రికొచ్చిన రోగుల బంధువులు, కోచింగ్ కుర్రాళ్ళు. వాళ్ళందరూ ఆకలిని వెంట తెచ్చుకున్నవాళ్ళే. ఆ క్యూ మీ జాబితాలో లేదు, మీరు నిలబడనూ వద్దు. అక్కడ లైటింగ్ బాగుండదు.

అసలు మీరు చూడనిది వంటిల్లు. 2024లో ఆహార భద్రతాధికారులు వరసగా తనిఖీలకు వెళ్తే పేరున్న హోటళ్ళలోనే గడువు తీరిన సరుకులు, బొద్దింకలు బయటపడ్డాయి. అదే ఏడాది అక్టోబరులో మోమోలు తిని ఒక మనిషి ప్రాణం పోయాక, పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది. మయోనైజ్ నంజుకునే మండీ ప్రియులు ఆ వార్త చదివి నిట్టూర్చారు. చనిపోయిన మనిషి కోసం కాదు, మయోనైజ్ కోసం. మరుసటి ఆదివారం టోలీచౌకిలో రద్దీ ఏమీ తగ్గలేదు. హోటలుకు ఎన్ని నక్షత్రాలున్నాయో వేలితో లెక్కపెట్టే చుట్టానికి, ప్రతి హోటలూ కనబడేచోట పెట్టి తీరాల్సిన లైసెన్సు ఒకటుందని, దాని మీద 14 అంకెల నంబరుంటుందని ఎవరూ రీలు చేసి చెప్పలేదు.

కనుక ఈసారి వచ్చినప్పుడు ఓ పని చేయండి. ప్లేటు రాగానే ఫోను తీయండి, కానీ ప్లేటు వైపు తిప్పకండి. కౌంటరు దగ్గరికెళ్ళి “మీ ఆహార లైసెన్సు ఎక్కడ తగిలించారు, ఒకసారి వంటగది చూపిస్తారా?” అని మర్యాదగా అడుగుతూ, మేనేజరు ముఖాన్ని మాత్రం వీడియో తీయండి. ఆ రీలు ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు. వ్యూస్ మాట నాది.